గున్న ఏనుగులో ‘గున్న’ ఎందుకు?

ప్రశ్న: పలమనేరు వైపు ఏనుగులు పొలాల్లో పడ్డాయంటే చాలు, పేపర్లో ‘గుంపులో గున్న ఏనుగు కూడా ఉంది’ అని రాస్తారు. గున్న అంటే పొట్టిది, చిన్నది కదా. గున్నమామిడి అంటున్నది అందుకేగా. పుట్టీ పుట్టగానే 100 కిలోల దాకా తూగే జీవాన్ని పట్టుకుని పొట్టిదనడం ఏమిటండీ? ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు అన్న జనమే దాని పిల్లకి ఈ పేరెలా పెట్టారో!

— పొట్టిది అన్నది ఒక్క అర్థమేనండీ. లేతది అనే అర్థం కూడా ఉంది. గున్నమావి అంటే లేతమావి. సంస్కృత నిఘంటువు అమరకోశం ఏనుగు పిల్లని ‘కలభః కరిశావకః’ అంటుంది కానీ, ఆ కలభం కావ్యాల్లోనే ఉండిపోయింది. జనం నోట నిలిచింది గున్నే. చెట్టుకీ జంతువుకీ ఒకే మాట వాడటం మన ఒక్కరి తీరే కాదు. తమిళంలో ‘కన్ఱు’ అంటే దూడా అవుతుంది, నాటే మొక్కా అవుతుంది. ఈ రెండు మాటలూ చుట్టాలని నేననడం లేదు, తీరు ఒకటని మాత్రమే.

— పశువుల ఆసుపత్రిలో పనిచేస్తున్నాను, బరువుల సంగతి నేను చెబుతాను. పొట్టిది అనే అర్థమే తీసుకున్నా, తల్లి పక్కన నిలబెట్టి చూస్తే గున్న గున్నే. మూడు టన్నుల తల్లికి 100 కిలోల పిల్లంటే ముప్పయ్యో వంతు. మన గేదెని చూడండి. 450 కిలోల గేదె 30 కిలోల దూడని ఈనుతుంది, అంటే పదిహేనో వంతు. 55 కిలోల ఆడమనిషికి మూడు కిలోల బిడ్డ కూడా లెక్క ప్రకారం ఏనుగు పిల్లని మించినట్టే. నీలి తిమింగలం పిల్ల రెండు టన్నులకు పైనే ఉంటుంది, అయినా తల్లి ముందు అదెంత?

అసలు ‘పెద్ద పిల్ల’ అనాల్సింది గబ్బిలం పిల్లని. చిన్న రకాల గబ్బిలాల్లో పుట్టే పిల్ల తల్లి బరువులో నాలుగో వంతు ఉంటుంది. మనుషుల్లో అయితే మూడేళ్ళ పిల్లాణ్ణి కన్నట్టు! అందుకే చాలా రకాలు కాన్పుకి ఒక్క పిల్లనే కంటాయి. న్యూజిలాండ్ కివీ పక్షి పెట్టే గుడ్డు దాని బరువులో అయిదో వంతుకు దగ్గర. ఆ పిల్ల ఈకలతోనే బయటికొస్తుంది, తల్లీ తండ్రీ మేత పెట్టరు, కడుపులో మిగిలిన పచ్చసొనతోనే మొదటి రోజులు గడిపేస్తుంది. ఆఫ్రికాలో సెట్సీ ఈగ ఇంకా ఘోరం. ఒక్క పురుగునే కడుపులో ‘పాలు’ పోసి పెంచి, దాదాపు తనంత బరువయ్యాక వదులుతుంది. ఈగ గర్భం మోయడమేమిటని నాకిప్పటికీ వింతే.

— డాక్టరుగారూ, మరి 22 నెలలు మోసి కన్నది ముప్పయ్యో వంతేనా?

— వంతు చిన్నదే కానీ తయారుగా పుడుతుందండీ. గంటల్లోనే లేచి మందతో నడవాలి. పాల కోసం తల్లి ముందు కాళ్ళ మధ్యకి నోరు అందాలి కాబట్టి మూడడుగుల ఎత్తు ఉండాల్సిందే. తొండం అప్పటికి దేనికీ పనికిరాదు, నోటితోనే తాగుతుంది.

— మీరు ‘ఈనుతుంది’ అన్నారు కాబట్టి ఒక మాట. మా వైపు ఆవు, గేదె, మేక ఈనుతాయి. కుక్క, పిల్లి మాత్రం పిల్లల్ని పెడతాయి. వరి కూడా ఈనుతుంది. జనం మరీ ఎక్కువైతే నేల ఈనినట్టున్నారంటాం. ఏనుగు ఈనిందని మాత్రం ఎవరి నోటా వినలేదు. గున్నకి పేరుంది గానీ దాని పుట్టుకకి వాడే మాట మనకి అలవాటైనట్టు లేదు.

— ప్రశ్న వేసింది నేనే. ఇంకొకటి అడిగి ఊరుకుంటాను. తిమింగలం పిల్లని కొన్ని అనువాదాల్లో దూడ అంటున్నారు, సరేనా?

— అది ఇంగ్లిష్ ‘కాఫ్’ చూసి రాసిందండీ. వాళ్ళకి ఆవు పిల్లా, ఏనుగు పిల్లా, తిమింగలం పిల్లా అన్నీ కాఫే. మనకి ఆవుకి లేగ, పెయ్య, కోడెదూడ, గేదెకి పడ్డ, పులికి కూన, ఏనుగుకి గున్న. తిమింగలానికి ‘పిల్ల’ చాలు, దూడ వద్దు.