మా ఆర్ అండ్ డీ టీమ్‌లో ఐడియాలు ఎందుకు ఆగిపోయాయి?

ల్యాబ్ అక్క:
నమస్తే అండి. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ ఆర్ అండ్ డీలో ఆరేళ్లుగా చేస్తున్నా, టీమ్‌లో తొమ్మిది మందిమి. పాత మేనేజర్ ఉన్నప్పుడు బ్యాచ్ ఫెయిలైతే టీ తాగుతూనే దాని గురించి వాదించుకునేవాళ్లం, అందులోంచే ఏదో ఒక దారి దొరికేది. ఇప్పుడు సోమవారం రివ్యూ అంటే ఎవరూ తలెత్తరు. మొన్న ఒక జూనియర్ అమ్మాయి హెచ్‌పీఎల్‌సీలో (శాంపిల్‌లో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే మెషీన్) తెలియని చిన్న పీక్, అంటే ఇంకేదో పదార్థం కలిసిందేమో అనిపించే గీత, కనబడినా మూడు వారాలు నోరు విప్పలేదు, ఎందుకమ్మా అంటే "చెప్తే శాంపిల్ నువ్వే సరిగ్గా చెయ్యలేదంటారు కదక్కా" అంది. నాకు చాలా బాధేసింది. మనుషులు వాళ్లే, మెషీన్లు అవే, వాతావరణం వల్లే ఇంత తేడా వస్తుందా?

నర్సింగ్ టీచర్:
వస్తుందండి. టీమ్‌లు ఎలా పనిచేస్తాయో పరిశోధించే ఎమీ ఎడ్మండ్సన్ హాస్పిటల్ టీమ్‌ల మీద చేసిన స్టడీ 1996లో వచ్చింది, బాగా పనిచేసే టీమ్‌లలోనే మందుల పొరపాట్లు ఎక్కువ కనబడ్డాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, దాచకుండా చెప్పుకోవడం వల్ల అని ఆవిడకి తట్టింది. మీ అమ్మాయి పీక్ కథ కూడా అచ్చం అదే.

నెల్లూరు ఇంజనీర్:
మా వైపు ఇది అందరికీ తెలిసిన కథే. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఉపగ్రహాన్ని మోసుకెళ్లే ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ ఫెయిలైతే, ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం గారైనా ప్రెస్ ముందుకెళ్లి బాధ్యత నెత్తినేసుకుంది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు, మళ్లీ 1980 జూలై 18న సక్సెస్ అయినప్పుడు మాత్రం ప్రెస్ మీట్ నువ్వే పెట్టు అని కలాం గారిని పంపారు. పైవాడు అలా అడ్డం నిలబడితే కింద పదకొండు నెలల్లో మళ్లీ లేచి రాకెట్ ఎగరేశారు.

పాలిమర్ మనిషి:
ఒప్పుకుంటా, కానీ భయం పోతే చాలదండి. ఆండర్సన్, వెస్ట్ అనే పరిశోధకులు 1998లో ఇచ్చిన టీమ్ క్లైమేట్ (టీమ్ వాతావరణం) కొలతలో భయం లేకుండా మాట్లాడడం ఒక భాగం మాత్రమే, దాంతోపాటు అందరికీ ఒకే లక్ష్యం, పనిలో పట్టుదల, కొత్తదానికి నిజమైన సాయం కూడా ఉన్నాయి. మా పాత టీమ్‌లో అందరం అన్నదమ్ముల్లా ఉండేవాళ్లం, డేటా ఏదిరా అని అడిగేవాడే లేడు, రెండేళ్లలో కొత్తగా ఏమీ రాలేదు. ఐడియా బాగుంది అంటే సరిపోదు, దానికి మెషీన్ టైమ్ ఇవ్వాలి.

ల్యాబ్ అక్క:
థాంక్సండి. ఈ సోమవారం రివ్యూలో ముందు నా ఫెయిలైన బ్యాచే పెడతా. ఆ పీక్ శాంపిల్‌ని రేపు తనతోనే మళ్లీ రన్ చేయిస్తున్నా, గురువారం మధ్యాహ్నం నా స్లాట్ తనకే ఇచ్చేశా.