అప్‌డేట్: నాన్నగారి పాత యాంప్లిఫయర్ మళ్లీ పాడుతోంది

నాన్నగారి 1970ల నాటి సాన్సుయ్ యాంప్లిఫయర్‌లో రెండు స్పీకర్లూ హమ్ (గుయ్‌మనే శబ్దం) కొడుతున్నాయని, ఎడమ చానల్ (ఎడమ స్పీకర్ శబ్దం) మధ్యమధ్యలో పోతోందని ఇదివరకు ఒక పోస్టులో అడిగాను. రెండూ తేలిపోయాయి.

వాల్యూమ్ సున్నాకి తగ్గించినా హమ్ తగ్గకపోతే పవర్ సప్లై చూడమన్నారొకరు. అదే నిజమైంది. మన కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) దాటాక రిపుల్ (మిగిలిపోయే హెచ్చుతగ్గులు) 100 హెర్ట్జ్. దాన్ని ఆపాల్సిన ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఆపలేకపోయాయి, అదే హమ్‌గా వినిపించింది. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక పెద్దాయన ఇంకా ఇలాంటివి బాగుచేస్తున్నారు. అదే మైక్రోఫారడ్ విలువతో (అంటే అంతే సామర్థ్యంతో), 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం కొత్త కెపాసిటర్లు వేశారు. స్విచ్ వేసే ముందు 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో (కరెంటు దాని గుండానే యాంప్లిఫయర్‌కి వెళ్లేలా) పెట్టారు. ఒక్కసారి భగ్గుమని వెలిగి మసకబారింది, అంటే షార్ట్ లేదు. అంతవరకూ నాకు టెన్షనే!

ఎడమ చానల్ పోవడానికి కారణం స్పీకర్ రిలే (స్పీకర్లను యాంప్లిఫయర్‌కి కలిపే ఆటోమేటిక్ స్విచ్). మూత తీస్తే కాంటాక్టులు నల్లగా మాడి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్దమని కొందరన్నారు గానీ, పైపూత పోతే మళ్లీ మొదటికే వస్తుంది. కొత్త రిలేనే వేయించాను.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెట్టి విన్నాం. వాల్యూమ్ నాబ్ తిప్పితే ఇంకా కాస్త గరగర ఉంది, కాంటాక్ట్ క్లీనర్ వైజాగ్ నుంచి తెప్పించాలి.