మొక్కల రొయ్యల ట్యాంకుకి ఏ లైటు, ఇంకేం కావాలి?

గాజుగది:
40 లీటర్ల ట్యాంకు సిద్ధం చేస్తున్నాను. నీళ్ల లోతు 28 సెంటీమీటర్లు. జావా మాస్, అనూబియాస్, క్రిప్టోకోరైన్ మొక్కలు పెట్టి, ఇరవై చెర్రీ రొయ్యలు వేద్దామని. మూడు సందేహాలు: లైటు ఎంత శక్తిది కావాలి? పక్కకి వేలాడే ఫిల్టర్ ఉంది, అది సరిపోతుందా? హీటర్ ఉండి తీరాలా? నా దగ్గరున్న పాత లైటు మీద 6500కె (కెల్విన్) అని ఉంది. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు) వదిలే సెట్టు లేకపోతే మొక్కలు బతకవని కొందరు అంటున్నారు, అదీ చెప్పండి.

ఎర్రమీసం:
లైటు సంగతి తర్వాత. ఆ వేలాడే ఫిల్టర్ నీళ్లు పీల్చే గొట్టానికి స్పాంజి తొడిగారా? మా ట్యాంకులో మొదటిసారి గుడ్లు పెట్టిన ఆడ రొయ్యని దాదాపు నెల రోజులు రోజూ చూసుకున్నాను. పొట్ట కింద గుడ్లని కాళ్లతో ఊపుతూ ఉండేది. పిల్లలు బయటికొచ్చిన రోజు మాస్ మీద రెండు మిల్లీమీటర్ల చుక్కలు కదిలాయి. మూడో రోజుకి ఒక్కటీ కనపడలేదు. వారం తర్వాత ఫిల్టర్ విప్పితే లోపలి స్పాంజి మీద పదకొండు బతికి ఉన్నాయి. మిగతావి మోటారు రెక్కలో పడి పోయాయి. ఆ రోజు నుంచి నేను ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టరే వాడుతున్నాను.

నీటితోట:
నేను పదిహేనేళ్లుగా మొక్కల ట్యాంకులే చేస్తున్నాను. 6500కె లైటు ఉందన్నారు, అదృష్టం. దాన్ని వదలకండి. 4000కె, 10000కె లైట్ల కింద మొక్కలు పెరగవు, పాకుడు పెరుగుతుంది. నేను ఎన్నో ట్యాంకుల్లో చూసిన విషయం ఇది.

లోతుకొలత:
నీటితోట గారూ, ఇది తప్పు. కెల్విన్ అంకె వెలుగు మన కంటికి ఏ రంగులో కనపడుతుందో చెబుతుంది, అంతే. ఎంత వెలుగు మొక్క దాకా చేరుతుందో చెప్పదు. 6500కె బెడ్ ల్యాంప్ ఉంటుంది, 6500కె ఫ్లడ్ లైటూ ఉంటుంది. రెండూ ఒకటేనా? చూడాల్సింది పార్ విలువ, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగు ఎంత అందుతోందనేది. పార్ మీటర్ లేకపోతే కనీసం ల్యూమెన్లు, అంటే లైటు మొత్తం ఎంత వెలుగు ఇస్తుందో చూడండి.

నీటితోట:
పుస్తకాల లెక్క నాకూ తెలుసు. నా క్రిప్ట్‌లు (క్రిప్టోకోరైన్‌లు) 6500కె కిందే బాగా వచ్చాయి. మీరు ఎన్ని ట్యాంకులు నడిపారు?

లోతుకొలత:
నాలుగు. రెండు పక్కపక్కనే పెట్టి, ఒకదానికి 4000కె, ఇంకోదానికి 6500కె, రెండిటికీ ఒకే ఎత్తులో, దగ్గర దగ్గరగా ఒకే ల్యూమెన్లు. ఆరు నెలల్లో క్రిప్ట్‌ల పెరుగుదలలో తేడా పట్టలేకపోయాను. 4000కె కింద నీళ్లు కాస్త పసుపుగా కనిపించాయి, రొయ్యల ఎరుపు మాత్రం వెచ్చగా బాగుంది. అనుభవం ఉందని తప్పు మాట చెప్తే కొత్తవాళ్లు బాగున్న లైట్లు పారేస్తారు.

నీటితోట:
ఎవరినీ ఏమీ పారేయమనలేదు. మాట జాగ్రత్త.

మాస్‌గుట్ట:
మీ ఇద్దరి గొడవలో అడిగినాయన ప్రశ్న పోయింది. ఆయన పెట్టేవన్నీ తక్కువ వెలుగు మొక్కలు. లీటరుకి 10 నుంచి 20 ల్యూమెన్లు ఒక మోటు లెక్క. 40 లీటర్లకి 400 నుంచి 800 చాలు. రోజుకి ఆరేడు గంటలు, టైమర్ పెట్టి. చేత్తో వేసి ఆర్పేవాళ్లు ఒకరోజు ఐదు గంటలు, ఇంకోరోజు పదకొండు గంటలు చేస్తారు, తర్వాత గాజు మీద పాకుడు అని ఏడుస్తారు. నేనూ రెండేళ్లు అదే చేశాను. లైటు మరీ ఎక్కువైతే పైకి జరపండి, ఎత్తు పెరిగేకొద్దీ కింద వెలుగు తగ్గుతుంది. పైన తేలే మొక్కలు వేసినా నీడ వస్తుంది.

చల్లనీరు:
రొయ్యల ట్యాంకులో కొంచెం పాకుడు మంచిదే కదా. అవి రోజంతా గీక్కుని తినేది ఆ పొరే. నేను వెనక గాజు అసలు తుడవను.

రాత్రిబుడగ:
సీఓటూ గురించి ఎవరూ చెప్పలేదు, కాబట్టి నేను చెప్తాను. ఈ మొక్కలకి అక్కర్లేదు. నేను పెట్టాను. గ్యాసు ఆపే వాల్వ్‌ని లైటు టైమర్‌కి కలపలేదు, రాత్రంతా వదులుతూనే ఉంది. రాత్రి మొక్కలు గ్యాసు తీసుకోవు, పైగా ఆక్సిజన్ వాడుకుంటాయి. పొద్దున డ్రాప్ చెకర్ (నీళ్లలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపేది) పసుపు రంగు, అంటే గ్యాసు మరీ ఎక్కువ. రొయ్యలు నీటి అంచు పట్టుకుని పైకి ఎక్కి ఉన్నాయి, కొన్ని కింద పక్కకి పడి కాళ్లు మాత్రం ఆడిస్తున్నాయి. వెంటనే ఎయిర్ స్టోన్ వేశాను. డెబ్భైలో ముప్ఫై మిగిలాయి. దయచేసి అవసరం లేని చోట పెట్టకండి.

నీటితోట:
అది సీఓటూ తప్పు కాదు, అమర్చడంలో తప్పు. నా ట్యాంకుల్లో లైటుకి గంట ముందు మొదలై, లైటు ఆరే గంట ముందు ఆగిపోతుంది. ఒక్క రొయ్యా చావలేదు.

రాత్రిబుడగ:
నా తప్పు అనే రాశాను. నలభై ప్రాణాలు పోయాక ఆ మాట వినాలంటే కష్టంగా ఉంది.

నిర్వాహకుడు:
వ్యక్తిగత విమర్శలు ఆపండి. విషయం మీదే రాయండి.

చుక్కచుక్క:
లైటు, ఫిల్టర్ కంటే ముందు టీడీఎస్ మీటర్, జీహెచ్-కేహెచ్ టెస్ట్ కిట్ కొనండి. జీహెచ్ అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, కేహెచ్ అంటే కార్బొనేట్లు. టీడీఎస్ నీళ్లలో మొత్తం ఎంత కరిగి ఉందో చెబుతుంది, అందులో కాల్షియం ఎంతో చెప్పదు. అందుకే రెండూ కావాలి. నేను ఒకసారి శుభ్రం చేద్దామని సగం నీళ్లు ఒకేసారి మార్చాను. టీడీఎస్ 310 నుంచి 160కి పడింది. మూడో రోజు నుంచి రొయ్యల తల, ఒంటి మధ్య చుట్టూ తెల్లటి గీత. గుల్ల వదల్లేక ఒక్కొక్కటి పోయాయి. ఇప్పుడు వారానికి పది శాతమే మారుస్తాను, అదీ సన్న గొట్టంలోంచి చుక్క చుక్కగా.

స్ఫటికం:
నా క్రిస్టల్ రెడ్ రొయ్యలకి కేహెచ్ సున్నా దగ్గర, పీహెచ్ 6.2, యాక్టివ్ సాయిల్ (పీహెచ్ తగ్గించే అడుగు మట్టి) మీద పెంచుతున్నాను. చెర్రీలకి ఈ లెక్క వేయకండి, అవి ఖనిజాలు ఎక్కువుండే గట్టి నీళ్లవి. రెండూ ఒకే ట్యాంకులో వేస్తామనేవాళ్లు ఇక్కడ ప్రతి నెలా వస్తారు.

చల్లనీరు:
హీటర్ గురించి: చెర్రీలు 18 నుంచి 28 డిగ్రీల దాకా తట్టుకుంటాయి, 22 నుంచి 25 అయితే హాయిగా ఉంటాయి. గది చలిగా ఉంటే, రాత్రికీ పగటికీ తేడా ఎక్కువైతే హీటర్ పెట్టండి. వేడిగా ఉంటే హీటర్ ఎందుకు, నీటి మీదికి చిన్న ఫ్యాను చాలు, రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. కానీ ఆవిరైన నీళ్ల స్థానంలో ఆర్వో నీళ్లే పోయాలి. ఖనిజాలు ఆవిరి కావు, మామూలు నీళ్లే పోస్తూ ఉంటే టీడీఎస్ పెరుగుతూనే ఉంటుంది.

మాస్‌గుట్ట:
దారపు పాకుడు వచ్చిందని చెర్రీలు కొనే వాళ్లకి ఒక మాట. దాన్ని అవి పెద్దగా తినవు. అమానో రొయ్యలు తింటాయి, జపాన్‌కి చెందిన తకాషి అమానో 1980లలో వాటిని ఇందుకే వాడారు. కానీ వాటి పిల్లలకి ఉప్పు నీళ్లు కావాలి, ట్యాంకులో పెరగవు.

గాజుగది:
అందరికీ ధన్యవాదాలు. పాత లైటు 600 ల్యూమెన్లే, దాన్నే ఉంచాను. టైమర్ ఏడు గంటలు. సీఓటూ మానేశాను. ఆరు వారాలు రొయ్యలు లేకుండా నడిపి, వాటికి విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా అయ్యాక రొయ్యలు వేశాను. ఇరవైకి ఇరవై ఉన్నాయి. కానీ రాత్రి నుంచి టెన్షన్. ఒక పెద్ద రొయ్యకి తల వెనక, వీపు మీద పసుపు మచ్చ. చుక్కచుక్క గారు చెప్పిన తెల్ల గీత ఇదేనా?

చుక్కచుక్క:
కాదండీ. ఆ గీత ఒంటి చుట్టూ ఉంటుంది. ఇది వీపు మీద మాత్రమే, జీను వేసినట్టు ఉందా?

గాజుగది:
అవును, అచ్చం అలాగే.

ఎర్రమీసం:
అవి అండాశయంలో తయారవుతున్న గుడ్లు. ఇంకొన్ని రోజుల్లో గుల్ల వదులుతుంది, మగవన్నీ పిచ్చిగా ఈదుతాయి, తర్వాత గుడ్లు పొట్ట కిందికి వస్తాయి. మీ చేతిలో నెలకి పైగా టైముంది. గొట్టానికి స్పాంజి తొడిగారా లేదా, అది చెప్పండి ముందు.