బురిటోకు మన చపాతీ చాలదా, మైదా టోర్టియాయే కావాలా?

రాజ్మా_రాణి (హైదరాబాదు): మెక్సికోవారు రొట్టెలో కూర చుట్టి చేసే బురిటోలా చేద్దామని, మిగిలిన రాజ్మా కూరను అన్నంతో, తురిమిన చీజుతో కలిపి గోధుమపిండి చపాతీలో చుట్టాను. రెండో మడత దగ్గరే అది చిరిగి, కూరంతా పిల్లవాడి ఒళ్లో పడింది. దీనికి వాళ్ల పలుచని రొట్టె, ఆ మైదా టోర్టియాయే చేసుకోవాలా?

ఎల్‌పాసో_వాసి: చేసుకోవాలండీ. అమెరికాలోని మా ఎల్‌పాసోకు నది అవతల, మెక్సికోలో ఉన్న సియుదాద్ హువారెస్ బురిటోలకు పేరుపడిన ఊరు. ఆ ఊరున్న చివావా రాష్ట్రం, దానికి పడమటనున్న సొనోరా గోధుమ పండే సీమలు కనుక అక్కడ మైదా టోర్టియా రోజువారీ తిండి. అర కిలో మైదాకు 100 గ్రాముల పంది కొవ్వు, 10 గ్రాముల ఉప్పు చేర్చి, పిండి పొడిపొడిగా రవ్వలా అయ్యేదాకా వేళ్లతో నలిపి, ఆ తరువాతే పావు లీటరు వేడినీళ్లు కొద్దికొద్దిగా పోసి కలపాలి. కొవ్వు ముందే పిండికి పట్టడం వల్ల వత్తినప్పుడు వెనక్కి ముడుచుకోదు, మడిచినప్పుడు విరగదు. అరగంట తడిబట్ట కింద ఉంచి, పలుచగా వత్తి, బాగా కాలిన పెనం మీద నిమిషంలో తీసి, పొడిబట్టలో చుట్టి ఉంచండి.

పెనం_పక్షం: అంటే పిల్లలకు మైదా పెట్టమని మీ సలహా! మా అమ్మగారి చపాతీ చేతిరుమాలులా నాలుగు మడతలు పడేది. లోపం పిసకడంలో ఉంది కానీ గోధుమపిండిలో లేదు. అయినా ఆ గోధుమను మెక్సికోకు తెచ్చింది 16వ శతాబ్దపు స్పానిషువారే కదా, ఇక అసలు, నకలు అనే మాట ఎక్కడిది?

కారప్పొడి: రాజ్మాలో నీరు ఇగిరిందా, లేదా? ముందు అది చెప్పండి.

ఎల్‌పాసో_వాసి: నేను ఆరోగ్యం గురించి ఒక్క మాటా అనలేదు. ఆమె అడిగింది చిరగడం గురించి. ముడిపిండిలోని తవుడు జిగురును తెంపుతుంది. అందుకే ఉత్త చపాతీ మడతకు ఆగినా, తడి కూర బరువుకు ఆగదు.

పెనం_పక్షం: నేను గుడ్డు కూడా ముట్టనివాడిని. అమెరికా వచ్చిన కొత్తలో మా ఆఫీసు క్యాంటీనులో రెండేళ్లపాటు బీన్స్ బురిటో శాకాహారమనుకుని తిన్నాను. బీన్సును పంది కొవ్వులో వేయిస్తారని ఒకనాడు వంటాయన తనంతట తానే చెప్పాడు. అప్పటినుంచి ‘అసలైనది’ అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఎల్‌పాసో_వాసి: మీకు చెప్పకపోవడం వారి తప్పే. కొవ్వుకు బదులు నెయ్యి వేసుకోవచ్చు.

పెనం_పక్షం: చూశారా, పంది కొవ్వు అక్కరలేదని ఒప్పుకున్నారు!

బొబ్బట్ల_బామ్మ: మైదాను తిట్టే నాయనలారా, పండగనాడు మీ ఇంట బొబ్బట్లకు నూనెలో నానబెట్టేది ఏ పిండి?

ఎల్‌పాసో_వాసి: ఒప్పుకోవడం, గెలవడం కాదండీ ఇక్కడ. ‘టోర్టియా అంటే చపాతీకి పెట్టిన స్పానిషు పేరే’ అని పోయిన నెల వేరే చర్చలో మీరు రాశారు. నాకు ఈ పని నేర్పిన పొరుగింటి పెద్దావిడది చివావా. పిండి ఉండను వేలితో నొక్కి, గుంట మెల్లగా పైకి లేస్తేనే వత్తనిచ్చేది, లేకపోతే నా చేతిలోంచి కర్ర లాక్కునేది. మీరు చపాతీలో చుట్టుకు తినండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆవిడ పనిని మాత్రం మన పనికి నకలు చేయకండి.

పెనం_పక్షం: ఆ మాట తొందరపడి రాశాను. కానీ ‘అసలైనది కాదు’ అని మీరు రాసిన ప్రతిసారీ నా పిల్లల కంచంలో ఉన్నది దొంగ తిండి అన్నట్టు నాకు వినబడుతోంది. అది మీకు తెలియాలి.

ఎల్‌పాసో_వాసి: ఆ మాట ఈ చర్చలో నేను వాడలేదు. ఇంతకుముందు వాడి ఉంటాను.

రాజ్మా_రాణి: 100 గ్రాముల నెయ్యితో మైదావే చేశాను, రాజ్మానూ ఇగరబెట్టాను. వేడివేడిగా చుట్టిన నాలుగూ చిరగలేదు. చల్లారిన అయిదోది అంచున పగిలితే, ఆరోదాన్ని పెనం మీద కాస్త వెచ్చచేసి చుట్టాను, అదీ నిలిచింది. ఒక్కటీ గుండ్రంగా రాలేదు కానీ, పిల్లవాడు దాని గురించి అడగలేదు.