సెలక్షన్లలో పుట్టిన నెల అదృష్టాన్ని తగ్గించేదెలా?

మన అండర్-16 క్రికెట్‌లో వయసు లెక్కకు కటాఫ్ తేదీ సెప్టెంబర్ 1. అంటే ఒకే బ్యాచ్‌లో సెప్టెంబర్‌లో పుట్టినవాడికీ, ఆ తర్వాతి ఆగస్టులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాదంటే మాటలా? బంతి వేగం, షాట్ దూరం అన్నీ మారిపోతాయి. సెలెక్టర్లు దాన్నే పుట్టుకతో వచ్చిన టాలెంట్ అనుకుంటారు. ఎంపికైనవాడికి మంచి కోచింగ్, ఎక్కువ మ్యాచ్‌లు దొరికి, రెండేళ్లు తిరిగేసరికి తేడా నిజంగానే పెరిగిపోతుంది. జనవరి 1 కటాఫ్ ఉన్న కెనడా ఐస్ హాకీలోనూ ఇదే తంతు.

జిల్లా ట్రయల్స్‌కు అనుకుంటున్నవి: ఎవరు పెద్దో సెలెక్టర్లకు కనబడేలా జెర్సీ నంబర్లు పుట్టిన తేదీ వరుసలో ఇవ్వడం (1 అందరికన్నా పెద్దవాడు), బౌలింగ్‌లో స్పీడుకు మార్కులు తగ్గించి లైన్, లెంగ్త్, సీమ్ పొజిషన్‌కు (బంతి కుట్టును నిలిపే తీరుకు) పెంచడం. బోన్ టెస్ట్ (ఎముకల ఎక్స్‌రేతో వయసు అంచనా) ఇక్కడ అక్కరకు రాదు. అది వయసు మోసం పట్టడానికి, పైగా త్వరగా ఎదిగిన నిజాయితీపరుడూ అందులో ఇరుక్కుంటాడు.

కోచ్‌లు, పీఈటీ సార్లు చెప్పండి: వంద మందికి పైగా వస్తే నంబర్లు గుర్తుంటాయా, పుట్టిన నెలల్ని మూడేసిగా విడదీసి ఒక్కో గుంపుకో రంగు జెర్సీ ఇస్తే మేలా? ఒకే నెలలో పుట్టినా ఒకడికి ముందే మీసాలొస్తాయి. తల్లిదండ్రుల ఎత్తుతో పెద్దయ్యాక ఎత్తు అంచనా వేసి, అందులో ఇప్పటికి ఎంత శాతం ఎదిగాడో చూసి గ్రూపులు చేసినవాళ్లున్నారా? తండ్రి ఎత్తు నోటిమాటగా రాసుకోవచ్చా, కొలవాల్సిందేనా?