వైరల్ విరేచనాల తర్వాత ఐబీఎస్: ముందు పప్పా, ప్రోబయోటిక్కా?

నోరోవైరస్ (వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్) తగ్గాక కూడా విరేచనాలు, ఉబ్బరం వదలక, ఐబీఎస్ (పేగు పనితీరు గాడి తప్పి కడుపు ఇబ్బంది పెట్టే సమస్య) అని డాక్టరు తేల్చిన మనిషికి వండిపెట్టే విషయంలో సలహా కావాలి. రక్తం పడటం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేచి పరిగెత్తాల్సి రావడం లేవు. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్ష కూడా అయింది.

ఫాడ్‌మ్యాప్ (సరిగ్గా అరగక పేగులో పులిసి గ్యాస్ చేసే పిండిపదార్థాలు) తగ్గించిన తిండి 4 నుంచి 6 వారాలే, తర్వాత ఒక్కొక్కటీ తిరిగి కలపాలి. ఉల్లి, వెల్లుల్లి మానేశాం. వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు (ఒక రకం ఫాడ్‌మ్యాప్) నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే రెబ్బలు నూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతో తాలింపు పెట్టొచ్చు. చారులో మరిగించాక ఏరేస్తే లాభం లేదు. ఇంగువ పొడిలో తరచూ మైదా కలుస్తుంది, అందులోనూ ఫ్రక్టాన్లుంటాయి, డబ్బా చూసి కొనాలి.

చిక్కంతా పప్పు దగ్గరే, అందులోనూ ఫాడ్‌మ్యాప్‌లు ఉంటాయి. కందిపప్పు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి వారిస్తే ఎవరికైనా పడిందా? లేక ఉడికిన పెసరపప్పు పావు కప్పుతో మొదలుపెట్టి 3 రోజులు చూడటం మేలా?

ప్రోబయోటిక్ (పేగుకు మేలు చేస్తాయని వాడే సూక్ష్మజీవులు) సాచెట్లలో చాలావాటికి ఫ్రక్టో ఆలిగోసాకరైడ్లు కలుపుతారు. అదీ ఫాడ్‌మ్యాపే కాబట్టి ఉబ్బరం పెరగొచ్చు. అది లేని శాకరోమైసిస్ బౌలార్డీ (ప్రోబయోటిక్‌గా వాడే ఒక ఈస్ట్) వాడినవాళ్లు మోతాదు, ఎన్ని వారాలకు తేడా తెలిసిందీ చెప్పండి. పప్పు, ప్రోబయోటిక్ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. కనీసం 4 వారాలు ప్రోబయోటిక్ చూశాకే పప్పు కలపాలా, ముందు పప్పు సంగతే తేల్చుకోవాలా?