గాల్వెస్టన్‌లో మంచు పడాలని కోరుకోవడం తప్పా?

పానగల్లు అమ్మమ్మ:
మా బిడ్డ వాళ్లు టెక్సస్‌లో సముద్రం ఒడ్డున, గాల్వెస్టన్‌లో ఉంటారు. అక్కడ చలికాలంలోనూ చాలా రోజులు పల్చటి స్వెటర్ సరిపోతుంది. ఈ వారం ఉత్తరం నుంచి చలిగాలి దిగింది, రాత్రికి సున్నా దాకా పోతుందంటున్నారు. మనవడు లేవగానే కర్టెన్ జరిపి మంచు పడిందా అని చూస్తున్నాడట. "అమ్మమ్మా, నువ్వు కూడా దేవుడికి చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను. మా అల్లుడికి అది నచ్చలేదు. "వాడికి లేనిపోని ఆశలు పెట్టకండి అత్తయ్యా, మంచు పడితే ఇక్కడ ఎంత తిప్పలో మీకు తెలియదు" అన్నాడు. పసివాడు మంచు కావాలనుకుంటే తప్పేముంది?

మిర్యాలగూడ తమ్ముడు:
అక్కా, మీ అల్లుడి మాటే కరెక్ట్. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చినప్పుడు మా అన్న హ్యూస్టన్‌లో ఉన్నాడు. కరెంటు పోయింది, హీటర్ ఆగింది, పైకప్పులో పైపు పగిలి హాల్లోకి నీళ్లు కారాయి. పిల్లల్ని కారులో కూర్చోబెట్టి గ్యారేజీలోనే ఇంజన్ ఆన్ చేద్దామనుకుంటే, పొగకు ప్రాణాలు పోతాయని పక్కింటాయన ఆపాడు. అట్లా కార్బన్ మోనాక్సైడ్‌తో నిజంగానే చనిపోయినవాళ్లున్నారు. ఆ తుఫానుకు 246 మంది చనిపోయారని టెక్సస్ ప్రభుత్వమే లెక్క చెప్పింది. సముద్రంలో తాబేళ్లు సైతం చలికి కొయ్యబారిపోతే, సౌత్ పాడ్రే ఐలాండ్‌లో వేలాదిగా ఏరుకొచ్చి కన్వెన్షన్ సెంటర్ నేల మీద వరసగా పడుకోబెట్టారు. ఇట్లాంటిది మళ్లీ రావాలని ఎట్లా కోరుకుంటాం?

పానగల్లు అమ్మమ్మ:
అదంతా చలి చేసిన పని కదా తమ్ముడూ. చలి ఎట్లాగూ వచ్చేసింది, వాడు అడగలేదు. వచ్చిన చలిలో నాలుగు మంచు రేకులు పడాలన్నాడు, అంతే.

పాలమూరు సార్:
అమ్మా, చలి ఉన్నంత మాత్రాన మంచు పడదు. మన దగ్గరే చూడండి. జనవరిలో గజగజలాడించే రాత్రి ఆకాశంలో మబ్బు తునక ఉండదు. మబ్బు పట్టిందంటే ఆ రాత్రి చలి తగ్గుతుంది. గాల్వెస్టన్‌లోనూ ఇదే చిక్కు. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలి పొడిగాలి, తేమ తెచ్చే సముద్రపు గాలి వెచ్చనిది. ఈ రెండూ కలవాలంటే మెక్సికో సింధుశాఖలో అల్పపీడనం ఏర్పడి, తేమను చలిగాలి మీదికి ఎక్కించాలి. పైపొర కూడా గడ్డకట్టేంత చల్లగా ఉండాలి. లేకపోతే రేకులు దారిలోనే కరిగి వానై, నేలను తాకగానే గాజులా గడ్డకడతాయి. కరెంటు తీగలు తెగేది, కార్లు జారేది ఆ వానకే. అందుకే నాకూ కొంచెం భయమే.

అలాగని అది జరగని పనేం కాదు. 1895 ఫిబ్రవరిలో గాల్వెస్టన్‌లో 15 అంగుళాలకు పైగా మంచు పడింది. ఇంకా దక్షిణాన ఉన్న బ్రౌన్స్‌విల్‌లో ఆ ఏడాది తర్వాత కొలవగలిగినంత మంచు పడింది మళ్లీ 2004 క్రిస్మస్‌కే. 2025 జనవరిలో ఆ తీరమంతా తెల్లబడింది. న్యూ ఆర్లీన్స్‌లో 8 అంగుళాలు, గాల్వెస్టన్ బీచ్‌లో ఇసుక మీద మంచు. హైదరాబాద్ రికార్డు చలి 1946లో 6.1 డిగ్రీలు, మనకు ఆ ఆశ ఎట్లాగూ లేదు. మీ మనవడికి ఉంది. తెరలు తీసి ఊరికే చూడటం కాదు, మబ్బు ఎటు నుంచి వస్తోందో చూడమనండి.

కొల్లాపూర్ రైతు:
మామిడి పూత మీదున్నప్పుడు పొగమంచు పట్టిందంటే నాకు టెన్షన్. పూత నల్లబడుతుంది, తేనెమంచు పురుగు కమ్ముకుంటుంది. మా పిల్లలకేమో ఆ పొగమంచులో దాగుడుమూతలు ఆడుకోవాలని ఉంటుంది. వాళ్లను ఎప్పుడూ కసురుకోలేదు. చెట్టు చెట్టుకూ తిరిగి పూత చూసుకోవడం, మందు కొట్టడం నా పని. పిల్లాడి కోరికకు భయపడటం దేనికి? పెద్దవాళ్లు చేసుకోవాల్సిన పని చేసుకుంటే చాలు.

మిర్యాలగూడ తమ్ముడు:
పిల్లాడిని నేను ఏమీ అనట్లేదు అన్నా. దేవుడికి చెప్తానన్నది పెద్దవాళ్లు. వాళ్లింట్లో హీటర్ ఉంది. అదే ఊళ్లో అది లేనివాళ్లూ ఉంటారు, వంతెనల కింద పడుకునేవాళ్లూ ఉంటారు. దండం పెట్టేటప్పుడు వాళ్లు గుర్తుకు రావాలా వద్దా?

పానగల్లు అమ్మమ్మ:
రావాలి తమ్ముడూ, ఆ మాట ఒప్పుకుంటాను. ఎవరి ఇంట్లోనూ కరెంటు పోవద్దని కూడా మొక్కుతాను. కానీ వాడికిచ్చిన మాట వెనక్కి తీసుకోను. వాడు సముద్రం ఒడ్డున పెరుగుతున్నాడు, మంచు చూసే భాగ్యం మళ్లీ ఎప్పుడొస్తుందో. సార్ చెప్పిన మబ్బు సంగతి ఈ రాత్రే ఫోన్లో చెప్తాను. అల్లుడితో ఏం చెప్పాలో మీరే చెప్పండి.

మిర్యాలగూడ తమ్ముడు:
బయటి కుళాయికి గుడ్డ చుట్టమనండి అక్కా. రాత్రంతా లోపలి కుళాయిలు సన్నటి ధారగా వదిలెయ్యమనండి. ఇంటికి నీళ్లు ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో మీ బిడ్డకూ చూపించమనండి, మా అన్న దాన్ని వెతికేలోపే హాలు నిండిపోయింది. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ రోజే కొనమనండి.